బావ సొంత చేతిరాత

పోయిన వారం పింఛను కాగితాలకు నకళ్లు తీయించుకుందామని సూర్యాపేటలో ఒక జిరాక్సు షాపుకు వెళ్లాను. గోడ మీద ‘ఇచ్చట బయోడేటాలు తయారు చేయబడును’ అని రాసి ఉంది. కంప్యూటరు ముందున్న అమ్మాయి ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏమీ అడక్కుండానే కష్టపడే తత్వం, నిజాయితీ, నలుగురితో కలిసిపోయే గుణం అని టకటకా కొట్టేసింది. పేరు మాత్రం ఆఖర్న అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఇలాంటి కాగితాలు ఈ ఊరికి కొత్తేమీ కాదు. నా చిన్నతనంలో తాలూకా కచేరీ ముందు చాప పరుచుకుని ఒక మున్షీ ఉర్దూలో దరఖాస్తులు రాసేవాడు. ఆయన కలం కింద పడ్డ ప్రతివాడూ దిక్కులేనివాడే, ముసలి తల్లిదండ్రులూ అరడజను పిల్లలూ ఉన్నవాడే. పెళ్లికాని వాళ్లకు కూడా ఆయన ధారాళంగా పిల్లల్ని ప్రసాదించేవాడు.

మా బావ, అంటే మా అక్క పెనిమిటి, మిలటరీ వదిలి వచ్చింది సంస్థానం ఇండియాలో కలిసిన మరుసటి ఏడు. పెళ్లయిన మూడు నెలలకే వెళ్లి ఆరేళ్లు లారీ తోలాడు, సగం కాలం బర్మా కొండల్లోనే. ఆ ఆరేళ్లూ అక్క కోదాడలో మా ఇంట్లోనే ఉంది. కొత్త చీర కట్టుకోవే అంటే ఆయనొచ్చాక అనేది, జాతరకు పోదామంటే ఆయనొచ్చాక అనేది. తీరా ఆయనొచ్చాడు. రేకు పెట్టె, రగ్గు, నాలుగు మాటలకు మించి మాట్లాడని నోరు, ఇవే వెంట తెచ్చుకున్నవి. పొద్దున్నే లేచి తన రగ్గు చదరంగా మడత పెట్టేవాడు. అది అయ్యాక మా దుప్పట్లు కూడా మడతపెట్టేవాడు, ఇంకా లోపల పడుకున్నవాళ్లు ఉన్నారా లేదా అని పెద్దగా చూసేవాడు కాదు. అక్కతో మాట్లాడితే పై అధికారికి కబురు చెప్పినట్టుండేది. “అన్నం తిన్న. బాగున్నది.” అంతే.

వచ్చిన పదిహేను రోజులకు, నెలలోపు ఇక్కడ పని దొరక్కపోతే మళ్లీ పటాలంలో చేరతానని, ఆఫీసరు రమ్మన్నాడని చెప్పాడు. అక్క ఆ పూట కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. బావ బాగున్నదనే తిన్నాడు.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సేటు పాత మిలటరీ లారీ కొని డ్రైవరు కోసం వెతుకుతున్నాడని తెలిసింది. సేటుకు ఒక నియమం ఉండేది. మున్షీల దరఖాస్తులు చదివి చదివి విసిగిపోయి, ఎవడి సంగతి వాడే సొంత చేత్తో రాసి తేవాలన్నాడు. బావకు అక్కడే చిక్కొచ్చిపడింది. తెలుగు బడి లేని ఊళ్లో పెరిగిన మనిషి, తెలుగు రాయడం రాదు. ఉర్దూ లిపి రాదు, ఇంగ్లీషు భాష రాదు. మిలటరీలో సిపాయిలకు ఉర్దూ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్పేవారు. ఆయనకు తెలిసిన చదువు అదొక్కటే. మూడు రోజులు అరుగు మీద కూర్చుని అలాగే రాశాడు. ఏం రాశావని అక్క అడిగితే “ఉన్నదే రాసిన” అన్నాడు.

బొగ్గుతో నడిచే బస్సెక్కి బావా అక్కా నేనూ ముగ్గురం వెళ్లాం. ఉడికిన వడ్ల వాసన, తలమీద రాలే ఊక, బస్తాల మధ్య కుర్చీలో సేటు. కాగితం తిప్పి చూసి తెల్లబోయాడు. “ఇంగిలీసా? నాకు రాదు గదయ్యా.” అక్షరాలే ఇంగ్లీషువి, మాటలు ఉర్దూవే, తాను చదివి వినిపిస్తానని బావ అన్నాడు. సేటు ఒప్పుకోలేదు. “రాసినోడే సదివితే ఏమున్నదో ఏం లేదో నాకెట్ల తెలుస్తది? నువ్వు జర బయట నిలవడు. ఈ పిల్లకు వస్తదా?”

ఆ పిల్ల నేనే. బెజవాడ హాస్టలులో ఉండి చదువుకుని టీచరు పరీక్ష అప్పుడే రాశాను. ఇంగ్లీషు అక్షరాలు నీళ్లు తాగినంత సులువు, ఉర్దూ మాత్రం నాకూ అక్కకూ సున్నా. పరేషాన్, ఖతం లాంటి నాకు తెలిసిన రెండు మూడు మాటలూ ఎక్కడన్నా తగలకపోతాయా అని ఆశపడ్డాను గానీ తగల్లేదు. ఇంగ్లీషు పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదువుకుంటూ పోయాను. అక్షరాలు తెలిసిన నాకు అర్థం తెలియదు, అర్థం తెలిసిన సేటుకు అక్షరాలు తెలియవు. పక్కన బస్తా మీద అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా నోటికేసే చూస్తోంది. మొదట సేటు మీసాల చాటున నవ్వుకున్నాడు. మధ్యలో నవ్వు ఆగింది. ఆఖరి రెండు వరుసలు చదువుతుంటే అక్క వైపు ఒకసారి చూసి, చప్పున చూపు తిప్పేసుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. నేనే ఏదో తప్పు చదివానేమోనని కాగితం మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను.

సేటు బావను లోపలికి పిలిచాడు.

“ఆ పిలగాని కాలు బాగయిందా?”

“కుంటుతడు సేటూ. నాకు ఉత్తరాలు రాస్తడు.”

“నిద్రొస్తే బండి ఆపుతవా?”

“ఆపుత.”

“నా వడ్లు వానకు తడుస్తున్నా?”

“తడిసినా ఆపుత.”

సేటు “సరె, రేపటి సంది రా” అన్నాడు. కాగితం మాత్రం బావకివ్వలేదు. “నీ దగ్గర పెట్టుకో బిడ్డా” అని అక్క చేతిలో పెట్టాడు. సేటుకు అక్కర్లేక ఇచ్చాడనుకున్నాం. అక్క దాన్ని రేకు పెట్టె అడుగున పరిచింది. ఒకసారి కునుకుపట్టి బావ లారీ బోల్తా కొట్టించాడని, పక్కనున్న కుర్రాడి కాలు విరిగిందని, తప్పంతా తనదేనని ముందే రాసేశాడని మాకు తెలిసింది తిరుగు బస్సులో అక్క గుచ్చి గుచ్చి అడిగితేనే.

బావ ఆ మిల్లు లారీనే తోలాడు, ఆ తర్వాత వచ్చిన లారీలూ తోలాడు. నిద్రొస్తే చెట్టు కింద ఆపేవాడు. ఎప్పటికీ మాటలు మాత్రం పెరగలేదు. ఆయన చనిపోయిన ఏడాది అక్క ఆ రేకు పెట్టె సర్దుతుంటే ఆ కాగితం దొరికింది. నల్గొండలో ఉద్యోగం చేసినన్నాళ్లు పక్కింట్లో అందరూ ఆపా అని పిలిచే ముస్లిమావిడ దగ్గర ఉర్దూ మాట్లాడటం నేర్చుకున్నాను కాబట్టి ఈసారి చదువుతుంటే అర్థమైంది. ఆఖరి రెండు వరుసలు రెండోసారి చదువుకున్నాను. ‘నా భార్య ఆరేళ్లు నాకోసం ఎదురుచూసింది. ఇక ఆమె ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు, అందుకే ఈ పని అడుగుతున్నాను.’

అక్కకు అర్థం చెప్పాను. ఇన్నేళ్ల మిర్యాలగూడ కాపురంతో తన మాట కూడా బావ మాటలాగే అయిపోయింది. “ఇంకోసారి సదువు” అంది. మళ్లీ తెలుగులో చెప్పబోయాను. “తెలుగుల వద్దు. ఆ దినం మిల్లుల సదివినవ్ సూడు, గట్లనే సదువు.”

అలాగే, గొంతెత్తి చదివాను. ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని నా నోటికేసే చూస్తూ విన్నది. ఆయన కోసం ఆరేళ్లు ఎదురుచూసిన మనిషి, ఆ మాట కోసం ఇంకో ముప్పై ఏళ్లు తనకు తెలియకుండానే ఎదురుచూసింది.