బసవమ్మ దగ్గరున్న ఉలి

మా మేనకోడలు సూసన్ చేసిన ఉలి మొదటిసారి గెలిచింది నందిగామలో, భవానీప్రసాద్ గారి షెడ్డులో. ఆయన లేత్ మీద మంచం కోళ్ళు తియ్యడంలో తల నెరిసిన మనిషి. పైరాష్ట్రాల సరుకు తప్ప ముట్టేవారు కాదు. సూసన్ తెచ్చినవి అంతకుముందు ఎన్నోసార్లు తిప్పికొట్టారు. "అమ్మాయ్, ఇది వంకాయలు తరుక్కోను బావుంటుంది" అని నవ్వేవారు. ఆ రోజు మాత్రం, గోటిలా వంపు తిరిగిన ఆమె ఉలిని నల్లతుమ్మ చేవ మీద ఆనించారు. నాలుగు కోళ్ళూ పూర్తయ్యేదాకా మళ్ళీ సాన పట్టలేదు. లేత్ ఆపి, "ఇంకో రెండు పట్టుకురా" అన్నారు. అంతే, పొగడ్త లేదు. తిరుగు బస్సులో పిల్ల చిల్లకల్లు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. పక్క సీట్లో నేనే ఉన్నా.

మాది ఇనప పని చేసే వంశం కాదండి. మిరప కోతలకీ పత్తి తీతలకీ పోయినవాళ్ళం. నేను చిల్లకల్లు బళ్ళో ఐదు చదివా, ఆ చదువుతోనే చర్చిలో సంఘపెద్దగా నెగ్గుకొచ్చా. సూసన్ వాళ్ళ నాన్న పోయాక జగ్గయ్యపేటలో ఓ వెల్డింగ్ షాపు ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూనే కొలిమి పని నేర్చింది. ఇప్పుడు సొంత షెడ్డు. గరికపాడు దగ్గర లారీలకి విరిగిన కమాన్ పట్టీలు కొనుక్కొచ్చి, కాల్చి, సాగగొట్టి ఉలులు చేస్తుంది. లోతుగా తొలిచే పొడుగు డ్రిల్ బిట్లు కూడా చేస్తుంది. ఊయల కర్రకి ఈ చివరి నుంచి ఆ చివరికి వంకర పోకుండా బెజ్జం పడాలంటే మా పిల్ల బిట్టే పడాలి. మహిళా దినోత్సవం నాడు మండలాఫీసులో పిలిచి శాలువా కప్పారు. చేసిన ప్రతి వస్తువు మీదా "సూ" అని అచ్చు గుద్దుతుంది. పెనుగంచిప్రోలు నుంచి నందిగామ దాకా లేత్ ఉన్న ఏ షెడ్డుకెళ్ళినా ఆ అచ్చు కనబడుతుంది. నిన్నమొన్నటిదాకా అది నా గొప్ప. ఇప్పుడు అదే నా భయం.

ఎందుకో చెబుతా. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. ఆ పెళుసు పోవాలంటే సన్నటి వేడిలో చాలాసేపు మగ్గాలి. అంత నిలకడైన వేడి కొలిమిలో దొరకదు. అందుకని సూసన్ మా ఫ్రాన్సిస్ బేకరీ పొయ్యి వాడుకుంటుంది. రొట్టెలు దిగాక ఉలుల పళ్ళెం ఎక్కుతుంది. "ఇవాళ బన్నులో ఇనుము బాగా పట్టిందిరా" అని పేటలో కుర్రాళ్ళు ఫ్రాన్సిస్‌ని ఏడిపిస్తుంటారు.

పోయిన క్రిస్మస్ వారం ఆ పొయ్యికి ఊపిరాడలేదు. ఎటు చూసినా కేకులే, మా సంఘానివి కూడా. అప్పుడు మగ్గిన ఉలులు జనవరిలో అమ్ముడుపోయాయి.

పోయిన వారం భవానీప్రసాద్ గారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నీ ఉలి ఇవాళ నా చెవిలో ఏదో చెప్పి గోడెక్కింది."

నవ్వుతున్నారనుకున్నాం. వెళ్ళి చూస్తే ఉలి కొస ఎగిరిపోయి వెనకాల రేకులో దిగి ఉంది. ఆయన చెవికి దూది కట్టుకున్నారు. సూసన్ విరిగిన ముక్కని ఎండలో పెట్టి చూసింది. లోపల ఉప్పుకల్లులా మెరుస్తోంది.

"మావయ్యా, ఇది మగ్గలేదు" అంది.

ఇంటికొచ్చి, ఆ విడతలో మిగిలిన ఉలిని బిగించి సుత్తితో ఒక్కటిచ్చింది. సుద్దముక్కలా టప్పున విరిగింది. ఫ్రాన్సిస్‌ని అడిగితే నీళ్ళు నమిలాడు.

"కేకులకి చోటు చాల్లేదక్కా. నీ పళ్ళెం దించా. తర్వాత మళ్ళీ పెట్టాగా!"

"పొయ్యి చల్లారాక పెట్టావు. నిన్నని ఏం లాభంలే. నువ్వు కేకులవాడివి. పైవరస ఉలులకి మగ్గిన రంగు తిరగడం చూసి, కిందవరస తిప్పి చూడనిది నేను."

ఆ విడత కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాం. అందరూ వాడకం ఆపారు, సూసన్ ఇంటింటికీ వెళ్ళి ఉలులు వెనక్కి తెచ్చింది. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. అది బసవమ్మ దగ్గరుంది. ఆవిడా వాళ్ళాయనా ఆటోలో లేత్ వేసుకుని జాతర జాతరకీ తిరుగుతారు. జనం ముందే బొంగరాలూ గిలక్కాయలూ తీసి అమ్ముతారు. వాళ్ళ ఫోన్ ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

జాతరలో లేత్ చుట్టూ పిల్లలు ఎలా మూగుతారో చూసినవాళ్ళకి తెలుసు. బొంగరం ఊడి పడేదాకా రెప్ప వెయ్యరు. తిరిగే చెక్క ఎంత ఎత్తులో ఉంటుందో ఆ పిల్లల కళ్ళు సరిగ్గా అంతే ఎత్తులో ఉంటాయి.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి జాతరకి పోయారని వాళ్ళ పక్కింటివాళ్ళు చెప్పారు. ఆదివారం జాతర మొదలు. సూసన్ సరిగ్గా మగ్గించిన కొత్త ఉలి ఒకటి గుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది. నేనూ వస్తానంటే, "ఆ తోపులాటలో నిన్ను వెతకాలా, బసవమ్మని వెతకాలా?" అంది.

సోమవారం ఫోన్ చేసింది. వెనక డోలు చప్పుళ్ళు.

"జనం మావయ్యా, ఇసకేస్తే రాలదు. బొంగరాల కొట్లన్నీ తిరిగా. కనబళ్ళేదు."

"మైకులో పిలిపించమ్మా. మీ వాళ్ళు వెతుకుతున్నారు, రమ్మని."

"వాళ్ళు లేత్ కట్టేసి కదిలేసరికి ఎంతసేపో! ఈలోపు ఉలి ఆగుద్దా? ఉలి సంగతే చదివించాలి. నా పేరు పెట్టి."

"పేరొద్దే తల్లీ!" అని అరిచా. "ఎన్నేళ్ళ కష్టమే అది! ఊరూ పేరూ లేకుండా చెప్పించు."

"వాళ్ళ దగ్గర సంచెడు ఉలులుంటాయి. ఏది తీసి పక్కన పెట్టాలో ఎట్లా తెలుస్తుంది మావయ్యా? అచ్చు చూసేగా!"

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. కాసేపటికి ఆ గోలలోంచి మైకు గొంతు వినబడింది: "జగ్గయ్యపేట సూసన్ చేసిన ఉలి, 'సూ' అని అచ్చున్నది, ఎవ్వల దగ్గరున్నా వాడొద్దు. ఇరుగుతది. బసవమ్మ యాడున్నా మైకు కాడికి రావాలె." రెండుసార్లు చదివారు.

ఇవాళ మంగళవారం. పొద్దున్నే భవానీప్రసాద్ గారి ఫోన్. "స్తెఫనూ, మీ పిల్ల పేరు సూర్యాపేట దాకా మోగిందట గదయ్యా! మా తోడల్లుడు విన్నాడు. నా దగ్గర పాతవి ఉన్నాయి, వాడనా, మాననా?" పాతవి మంచివేనండీ అన్నా. "చూద్దాంలే" అని పెట్టేశారు.

ఇప్పుడే సూసన్ మళ్ళీ చేసింది. మైకు వాళ్ళు గంటకోసారి చదువుతున్నారట. బసవమ్మ రాలేదు. జాతర గుట్టకి అవతలి వైపు ఇంకో వరస కొట్లున్నాయట, అటు వెళ్తున్నానంది. మందుల శిబిరానికి కూడా వెళ్ళి, కంటికి దెబ్బ తగిలిన పిల్లలెవరైనా వచ్చారా అని అడిగిందట. ఇప్పటిదాకా ఎవరూ రాలేదన్నారట. ఆ "ఇప్పటిదాకా" దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది.

జాతర గురువారంతో ముగుస్తుంది. కొట్లన్నీ సర్దుకుని చివరి ఆటో రోడ్డెక్కేదాకా అక్కడే దారికి అడ్డంగా నిలబడతానంది. సూసన్ తిరిగొచ్చేది శుక్రవారం, ఫిబ్రవరి ఇరవై ఒకటి.