పెద్ద టీచరుగారి వేలంపాట

గౌరీశ్వరి పుట్టగానే ఏడ్చిన ఏడుపు అలల హోరు దాటి వినిపించిందని జాలరిపేటలో చెప్పుకుంటారు. కాస్త అబద్ధం కలిసే ఉంటుంది గానీ, ఆ పిల్లని ఎరిగినవాళ్ళెవరూ కాదనరు. ఆమె నవ్వితే వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడేది. అలాంటి పిల్ల ఎలాగో ఇంటర్ గట్టెక్కి, తొంభై ఎనిమిదిలో ద్వారకా నగర్‌లో ఓ మేడ మీద నడిచే నర్సరీ టీచర్ల ట్రైనింగులో చేరింది.

అక్కడ సూర్యకాంతమ్మగారని పెద్ద టీచరు. మనిషి స్వభావాన్ని బట్టే ఉద్యోగం ఉండాలని, పసిపిల్లల దగ్గరికి నెమ్మదస్తులే వెళ్ళాలని ఆవిడ సిద్ధాంతం. పద్మనాభం ఊరి నుంచి ట్రైనింగుకి వచ్చే నీలిమని చూపించి, "మాటంటే అలా ఉండాలి. పక్క బల్లకి వినిపించకూడదు" అనేవారు. పరీక్షలో గౌరీశ్వరి చెప్పే ఆఖరి పాఠం కూడా సంతలాగే ఉంటే సర్టిఫికెట్ ఇచ్చేది లేదని తేల్చి చెప్పేశారు.

పాపం గౌరీశ్వరి తానూ నీలిమలా మారిపోదామని నడుం కట్టింది. ట్రైనింగులో భాగంగా గోపాలపట్నంలో ఓ కాన్వెంటులో యూకేజీ పిల్లలకి వారం రోజులపాటు గుసగుసగా అంకెలు చెప్పింది. సగం మంది నిద్రపోయారు. మిగతా సగం టీచరుకి జ్వరమొచ్చిందేమోనని జాలిపడ్డారు. చివరికి పిల్లలని చూసినా, సుద్దముక్కని చూసినా ఆమెకి విసుగు పుట్టింది. అంత ఇష్టపడి వచ్చిన పని మీద విసుగు పుట్టేసరికి ఆమెకి భయమేసింది.

"అమ్మా, నాను మానేత్తాను" అంది ఇంటికొచ్చి.

వాళ్ళమ్మ పోతమ్మ ఒడ్డున చేపలు వేలం వేసే మనిషి. ఇసకలో గీత గీస్తుంది. గీత లోపల ఏది పడినా అమ్ముడుపోవాల్సిందే. ఓసారి ఎవరిదో చెప్పుల జత అందులో ఉండిపోతే దాన్నీ వేలం వేసేసింది.

"గొంతు నొక్కీసుకుంటే పిల్లలకేటినపడతాదే" అంది పోతమ్మ. "ఒడ్డున నాను అలాగ గొణిగితే సేపలు కుళ్ళిపోవా?"

పరీక్ష రోజు అదే క్లాసులో సూర్యకాంతమ్మగారు వెనక కుర్చీలో కూర్చున్నారు. గౌరీశ్వరి కాసేపు గుసగుసలాడింది. ముందు వరసలో ఓ పిల్ల ఆవలించింది. ఇక ఆగలేక, పోతే పోయిందని, నేల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి అందులో గుడ్డబొమ్మని పడేసింది.

"బొమ్మ పాటకొచ్చింది. ఎన్ని గెంతులు?"

గీతలో ఏది పడినా వేలానికే. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళు అన్ని గెంతులూ గెంతి బొమ్మని తీసుకోవాలి. అందరూ లెక్కపెట్టాలి. మూడన్నారు, నాలుగన్నారు. దుర్గ అనే పిల్ల ఆరన్నది. ఆరు గెంతులూ లెక్కపెట్టేసరికి గది కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆ తర్వాత డస్టరు పోయింది, గంట పోయింది, నీళ్ళ సీసా కూడా పోయింది.

గోల ఆపడానికి సూర్యకాంతమ్మగారు విసవిసా ముందుకొచ్చారు. వచ్చి సరిగ్గా గుండ్రంలో నిలబడ్డారు.

"పెద్ద టీచరు గీతలో ఉన్నారు" అంది దుర్గ.

సర్టిఫికెట్ పోయినట్టేననుకుంది గౌరీశ్వరి. కానీ ఆమె నోరు తల్లి పోలిక.

"ఎన్ని గెంతులు?"

దుర్గ ఆవిడని కింది నుంచి పైదాకా చూసింది. "రెండు."

ఇంకెవరూ పాడలేదు. సూర్యకాంతమ్మగారి మొహం ఎర్రబడింది. "బొమ్మకి ఆరు పాడారుగా?" అన్నారు.

"పాడారండి."

"నాకు రెండా?" చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకున్నారు. "పది. నా పాట నేనే పాడుకుంటున్నాను."

పిల్లలు కేరింతలు కొడుతూ లెక్కపెట్టారు. ఏడు దగ్గర ఆవిడకి ఆయాసమొచ్చి, గౌరీశ్వరి భుజం పట్టుకుని ఆగారు.

"నీకు నెమ్మదనేది రాదు" అన్నారు రొప్పుతూ.

"రాదండి" అంది గౌరీశ్వరి. ఆమె కళ్ళు తడిశాయి.

"రానివ్వకు" అని, సూర్యకాంతమ్మగారు మిగిలిన మూడూ గెంతేశారు.