నేను చేయించిన పథ్యం

నాకు నోరు ఎక్కువని మా వాళ్లంతా అనేవారు. అబద్ధం కాదు. ఆ నోరు ఎవరి మీద పారేసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మా ఆయన భైంసాలో పత్తి మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు ఆయన కాలి బొటనవేలికి పుండు లేచింది. ఎన్ని ఆకుపసర్లు పోసినా మానలేదు. దవాఖానకు తీసుకుపోతే, గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు చక్కెర జబ్బని తేల్చాడు. అన్నం, చక్కెర, బెల్లం, మామిడిపండ్లు, గెనుసుగడ్డలు బంద్ చేయమన్నాడు. జొన్నరొట్టె, ఆకుకూరలు పెట్టమన్నాడు. చెప్పులు లేకుండా అడుగు వేయనీయొద్దన్నాడు. మూత్రంలో చక్కెర తగ్గకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

ఇక చూడాలి నా పెత్తనం. ఇంట్లో ఉన్న బియ్యం పొరుగింటికి ఇచ్చేశాను. ఆయన చాయ్‌లో చక్కెర మాన్పించి, నేనూ మానేశాను. పెళ్లిళ్లకు పోతే పక్కనే కూర్చుని ఆయన విస్తరిలోంచి బూరెలు తీసేసేదాన్ని. "ఒక్కటి తింటే ఏమైతది వదినా" అన్నందుకు ఆడబిడ్డతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

నెలకోసారి కంపౌండరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి, మంట మీద కాచేవాడు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. మాది ప్రతిసారీ ఇటుక రంగుకు తిరిగేది. నాకు ఒళ్లు మండేది.

"హోటల్ల మిఠాయి తింటున్నవ్ కదా? నా దిక్కు చూసి చెప్పు!"

"తినలేదే. నీ తోడు."

నేను నమ్మలేదు. మిల్లు పక్కన హోటలుకు పోయి, మా ఆయనకు జిలేబీ అమ్మితే ఊరుకోనని నలుగురిలో అరిచి వచ్చాను. ఆయన పరువు గంగలో కలిపాను. ఆనాటి నుంచి ఆయన మిల్లు నుంచి నేరుగా ఇంటికే వచ్చేవాడు. ఒట్లు పెట్టడం మానేశాడు. నోరు మూతబడిందంటే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

రెండేళ్లకు పాదం నల్లబడింది. మోకాలి కింద తీసేశారు. మూడో రోజు నేను తెచ్చిన గిన్నె మూత తీసి, డాక్టరు "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"ఇప్పపువ్వు సారూ. ఎండవెట్టింది ఉడకవెట్టి రొట్టెల పెడుత. మా అవ్వ ఇచ్చోడ నుంచి పంపుతది. మంచి బలం."

డాక్టరు ఒక పువ్వు నోట్లో వేసుకున్నాడు. ముఖం మారిపోయింది. "తేనెలా ఉందే! రోజూ పెడుతున్నావా?"

రోజూ పెట్టాను. మా పల్లెల్లో అది మిఠాయి కాదు, తిండి. గింజలు అయిపోయిన వానాకాలంలో అదే మా కడుపులు నింపేది. తియ్యగా ఉంటుందని తెలుసు, కానీ దాన్ని బెల్లంతో, బూరెలతో కలిపి ఎవరం అనుకోము. ఆ పువ్వు ఎరగని డాక్టరు వద్దనలేదు. నాకు అడగాలని తట్టలేదు.

డాక్టరు పోయాక మంచం పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా అడిగాడు.

"నేను నీకు తెల్వకుండ ఏం తినలే. ఇప్పుడన్న నమ్ముతవా?"