రత్నమ్మ ఉపవాసం నేనున్న రోజు

1983 ఏప్రిల్ 1, శుక్రవారం, పొద్దున పదకొండూ పది. మంచి శుక్రవారం, యేసు సిలువ మీద చనిపోయిన రోజు. ఉదయగిరికి, దుత్తలూరుకు మధ్య చెరువు కింద ఉన్న ఒక చిన్న పల్లెలో రత్నమ్మ ఇంటి గడప దాటాను. అప్పుడు నేను ఏఎన్ఎంని. పల్లెలు తిరిగి కాన్పులు, టీకాలు చూసే ఉద్యోగం.

ఆ వారం పల్లెలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బుధవారం అదే ఇంట్లో రత్నమ్మ కొడుకు దాసుకు ఉప్పు, చక్కెర నీళ్ళు కలిపి, తాగించమని చెప్పి పక్క పల్లెకు వెళ్ళిపోయాను. నీళ్ళు పడితే విరేచనాలు ఎక్కువవుతాయని నాయనమ్మ యేసమ్మ ఆ చెంబు మూతే తీయలేదు. గురువారం తెల్లవారేసరికి పిల్లవాడు పోయాడు. చెప్పి వెళ్తే చాలుననుకోవడం నా తప్పు.

ఇప్పుడు తల్లి పడిపోయింది. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత అలాగే నిలిచింది. దాన్నే డీహైడ్రేషన్ అంటాం, ఒంట్లో నీరు ఇంకిపోవడం. సెలైన్ ఎక్కించాలంటే ఉదయగిరి పోవాలి. బస్సు సాయంత్రం నాలుగున్నరకు. అందాకా ఆగితే మనిషి దక్కదు.

లీటరు నీళ్ళు కాచి చల్లార్చి, అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర కలిపాను. రత్నమ్మ పెదవులు బిగించింది.

యేసమ్మ అడ్డం వచ్చింది. "ఉపాసం నర్సమ్మా. మూడు గంటల ఆరాధన అయిందాకా గొంతు తడపకూడదు గదా!"

"ఆమె ఉపాసం నేనుంటాలే అవ్వా."

"ఏందీ, నువ్వుంటే ఆమెకెట్ట లెక్కకొస్తాది?"

"మనందరి బదులూ ఒకాయన చచ్చిపోయినాడని చెప్పుకునే రోజు గదా ఇది? ఒక్క పూట ఒకరి బదులు ఒకరు పస్తుంటే చెల్లదా?"

యేసమ్మ పక్కకు జరిగింది. రత్నమ్మ నోరు తెరిచింది, నీళ్ళకు కాదు.

"నాకెందుకమ్మా నీళ్ళు? నా బిడ్డ కడదినాన సమాధిలోంచి లేస్తాడని పాస్టరయ్య చెప్పినాడు. నేనూ పోతే ఇద్దరం కలిసే లేస్తాం."

నాకూ అదే విశ్వాసం. అది అబద్ధమని ఎట్లా అంటాను?

"లేస్తాడు. లేపేదానికి ఆయనున్నాడు, నీ తోడు అక్కర్లేదు. ఎల్లుండి ఈస్టర్. తెల్లారేసరికి అందరి సమాధులకూ సున్నం కొట్టి, కొవ్వొత్తి పెడతారు. నీ బిడ్డ కాడ ఎవరు పెట్టాల? నన్ను పెట్టమంటావా?"

నా వైపు తల తిప్పింది. "నువ్వెందుకు? వాడికి నేను లేనా?" అని నోరు తెరిచింది.

రెండు నిమిషాలకు ఒక చెంచా. వాచీ చూసి పోశాను. రెండుసార్లు వాంతి చేసుకుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. యేసమ్మ పక్కన కూర్చుని ముఖం తుడిచింది. మూడూ నలభైకి రత్నమ్మకు మూత్రం వచ్చింది. గండం గడిచిందనడానికి మాకు అదే గుర్తు. అప్పుడు నేను గంజి తాగాను.

ఆదివారం తెల్లవారుజామున ఐదూ ఇరవైకి అత్త భుజం పట్టుకుని ఆమె సమాధుల తోటకు వచ్చింది. మట్టి దిబ్బ చుట్టూ పేర్చిన రాళ్ళకు తన చేత్తోనే సున్నం పూసింది. పాట అందుకుని, మొదటి చరణంలోనే ఆపేసింది. మేం పాడుతుంటే చివరి చరణంలో కలిసింది.

ఆ సోమవారం నుంచి చెంబు, చెంచా పట్టుకుని జబ్బున్న ప్రతి ఇంటికీ తిరిగింది. తురకల ఇళ్ళకూ పోయింది. "నేనుండగా తాగు, నాకేం తొందర లేదు," అని చివరి చెంచా దాకా కదిలేది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను నేర్పిన పనిని నాకన్నా బాగా చేసిన మనిషి ఆమే. ఆ మాట ఎక్కడైనా గర్వంగా చెబుతాను.

పునరుత్థానం మీద ఆశ అంటే పోయినవాళ్ళను దేవుడి చేతికి వదిలి, ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవడమని ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

ఆ వేసవిలో ఆ పల్లెలో జబ్బు పడ్డవాళ్ళు పద్నాలుగు మంది. పోయింది ఒక్కడు. దాసు, ఆరేళ్ళ నాలుగు నెలలు.