పత్తిలో మగ్గిన సీతాఫలాలు

ఆ రోజుల్లో మా ఇంట్లో మనుషులకంటే పత్తికే ఎక్కువ చోటుండేది. ఎనభైల్లో గుంటూరు చుట్టుపక్కల పత్తి వేసిన ఇళ్ళన్నీ అంతే. మొదటి తీత ఇంటికి చేరిందంటే వెనక గది దూలాల దాకా నిండేది, మేం వసారాలోకి జరిగేవాళ్ళం. (ఇప్పుడు చెబితే మా పిల్లలు పరుపుల షాపులా ఉండేదా అని అడుగుతారు. పరుపుల షాపులో పురుగుమందు కంపు రాదు నాయనా.) నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఊరందరి తెలివీ కలిపినా నా తెలివికి చాలదని నాకు గట్టి నమ్మకం.

మా నాయనమ్మ పుట్టిల్లు కొండవీడు కొండ కింద. నల్లరేగడి పొలాల మధ్యకు కాపురానికొచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ మనసు కొండ దిగలేదు. మేం కార్తెలు చూసి విత్తనాలు వేస్తే, ఆవిడ కార్తెలు చూసి కొండను తలుచుకునేది. ఆరుద్ర రాగానే "ఎర్రపురుగులు బయటికొచ్చుంటాయి, నెమళ్ళు అరుస్తుంటాయే" అనేది. చలి తగ్గుతుంటే "మోదుగులు పూసుంటాయి, కొండంతా ఎర్రగా ఉంటుంది" అనేది. స్వాతి కార్తె వస్తే మాత్రం నిలవలేకపోయేది, సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్ళు తెరిచే కార్తె మరి. మా నాన్నకు కొండంటే లెక్కలేదు. "ఆ రాళ్ళగుట్టలో ఏముందే అమ్మా, మేకలకి తప్ప?" అనేవాడు. "విత్తు వెయ్యకుండా, మందు కొట్టకుండా కాసేది మా కొండొక్కటేరా అబ్బాయ్. నీ పత్తి కాస్తుందేంట్రా అట్టా?" అని ఆవిడ విరుచుకుపడేది.

ఆ ఏడే నాయనమ్మకు షుగరుందని డాక్టరు తేల్చాడు. సీతాఫలం పేరు కూడా ఎత్తొద్దని నాన్న ఆర్డరు వేశాడు. ఆవిడ మూడు రోజులు సణుగుతూ తిరిగింది. నాలుగో రోజు, తమ్ముణ్ణి చూసొస్తానంటూ నన్ను తోడు తీసుకుని పుట్టింటికి బయల్దేరింది. తమ్ముణ్ణి చూసింది నిజమే, కాఫీ తాగినంత సేపు. తర్వాత ఇద్దరం కొండెక్కాం. నేను ముళ్ళపంది ముల్లు దొరికిందని సంబరపడుతుంటే, ఆవిడ తలెత్తి చిలకల గోల వింటోంది. "చిలక కొట్టిన చెట్టుకే పోవే. దానికి మనకంటే బాగా తెలుసు." సంచి అడుగున సీతాఫలం కాయలు, పైన కొండ మీదే ఏరిన కుంకుడుకాయలు వేసుకుని ఇంటికొచ్చాం. గుమ్మంలోనే నాన్న సంచి ఎత్తి చూశాడు.

"ఏంటే ఇంత బరువు?"

"కుంకుడుకాయలురా. తలంటుకోవద్దా?"

ఇక వాటిని మగ్గబెట్టడం. బియ్యం డబ్బా అమ్మ ఏలుబడిలో ఉంది. గడ్డివాములో ఎలుకలు. అప్పుడు నా బుర్ర పనిచేసింది. పత్తి గదిలో ఓ మూల, తెల్లదుప్పటి మీద చిన్న కుప్ప విడిగా ఉంది. ఒక్క ఆకు నలుసు లేని తెల్లటి పత్తి. పైగా ఇంట్లో ఎవరూ దాని జోలికే పోవడం లేదు. "ఇంతకంటే భద్రమైన చోటు లోకంలో లేదు నాయనమ్మా" అన్నాను. "నీ బుర్రే బుర్రే" అని మురిసిపోయింది. కాయల్ని ఆ వెచ్చటి పత్తిలో లోపలికి దోపేశాం. ఎవరూ ఎందుకు ముట్టడం లేదో మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

అది మా చర్చిలో కోత పండుగకు నాన్న స్వయంగా ఏరి పెట్టిన కానుక. ఏటా ఆ పండక్కి అందరూ తొలిపంట తెచ్చి దేవుడి ముందు పెడతారు, ప్రార్థనయ్యాక వేలంపాట. సంఘ పెద్దగా నాన్నకు తన పత్తే అన్నిటికంటే తెల్లగా ఉండాలని పట్టుదల. ఆదివారం పొద్దున దుప్పటి నాలుగు కొంగులూ ముడేసి, "ఈ ఏడు పత్తి భలే తూగుతోందే!" అంటూ మూట నెత్తికెత్తుకుని ముందు నడిచాడు. వెనక నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏ మూలదే అది?"

"ఆ మూలదే."

"ఒక్కటంటే ఒక్కటన్నా తినలా కదే!" అంది. పరువు పోతుందన్న భయం నాది. ఆవిడ బాధ వేరు.

మిరపకాయల బుట్టలు, గుమ్మడికాయలు, కాలికి తాడు కట్టిన కోడిపెట్ట, వాటి పక్కన మా మూట. పాస్టరు అయ్యగారి ప్రార్థన అసలే పొడుగు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచి చూద్దును కదా, కమ్మటి వాసన గుడంతా నిండుతుంటే కోడిపెట్ట మా మూటను పొడుస్తోంది. ఆమెన్ అనగానే నాన్న రొమ్ము విరుచుకుని ముడి విప్పాడు. పండ్లు దొర్లుకుంటూ అయ్యగారి కాళ్ళ దగ్గరికి పోయాయి. ఒకటి పత్తిలోనే చితికి ఉంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న మొహం పక్కనున్న మిరపకాయల రంగుకు తిరిగింది.

"ఇవేంటండీ?" అన్నారు అయ్యగారు.

నాయనమ్మ లేచి నిలబడింది. "అది నా కానుకండీ అయ్యగారూ. కొండ పంట. దానికి ఎవరూ విత్తు వెయ్యలా, మందు కొట్టలా. దేవుడే పండించుకున్నాడు. ఆయన పండక్కి ఆయనది తేవద్దా?"

అయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అయితే ముందు వీటికే వేలంపాట పెడదామమ్మా!" జనం ఉత్సాహంగా పాడారు. నాన్న పళ్ళు బిగించి, మిగిలినవాళ్ళంతా తప్పుకునేదాకా పాడి, పండ్లన్నీ తనే గెలుచుకున్నాడు. పెంటకుప్పలో పారెయ్యడానికే అనుకున్నాను. నాయనమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, ఇంటికొచ్చేదాకా తలెత్తలేదు.

వసారాలో కూర్చుని నాన్న ఒక పండు విప్పాడు. సగం నాయనమ్మ చేతిలో పెట్టాడు. "సగమే. డాక్టరుకి నువ్వే చెప్పుకో." రెండో సగం తను తిన్నాడు. గింజలన్నీ ఊసేశాక, నావైపు తిరిగి మెల్లిగా అడిగాడు, "ఏ చెట్టుదే ఇది?"

"చిలక కొట్టిన చెట్టుది నాన్నా."

నాయనమ్మ కళ్ళు మూసుకుని ఒక్కో గింజా చప్పరిస్తోంది. ఆవిడ అప్పుడు మా వసారాలో లేదు. ఆ మొహం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. షుగరు మాత్రం ఆస్తిలా నాకు సంక్రమించింది. మొన్న స్వాతి కార్తెలో రోడ్డు పక్కన బుట్ట కనబడితే కాళ్ళు ఆగిపోయాయి. రెండు కాయలు కొన్నాను. ఇంట్లో పత్తి లేదు కాబట్టి బియ్యం డబ్బాలో దాచాను. నిన్న మధ్యాహ్నం అందరూ పడుకున్నారనుకుని, మోచేతి దాకా చెయ్యి బియ్యంలో ముంచి వెతుకుతుంటే వెనక మా అబ్బాయి గొంతు వినబడింది.

"ఏంటమ్మా వెతుకుతున్నావ్?"

"కుంకుడుకాయలురా" అన్నాను. "తలంటుకోవద్దా?"