బెజ్జం మీద బొటనవేలు

నా మంగలి కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఓరిన్ పెక్ కుడి బొటనవేలిని పిడికిట్లో దాచుకునేవాడు. బిడియస్థుడు కాబోలు అనుకునేవాణ్ణి. మనుషుల మొహాలు చూసి బతికేవాణ్ణి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఓరిన్ పీపాలు చేసేవాడు. ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం వచ్చినప్పుడు ఈ విస్కాన్సిన్ నది ఒడ్డు కుర్రాళ్లంతా ఎవరూ పిలవకుండానే పేర్లిచ్చి ఒక ఫిరంగి దళం కట్టారు. మా ఆడవాళ్లు కుట్టిన జెండా పట్టుకుని పడవెక్కారు. ఓరిన్, అతని చిన్ననాటి నేస్తం లూషియస్ గేల్ ఒకే ఫిరంగి దగ్గర పడ్డారు. లూషియస్ అడవిలో దుంగలు కొట్టే మనిషి. బలమైన చేతులు కదా అని మందు కూరే పని అతనికిచ్చారు. గొర్రెతోలు చుట్టిన కర్రని నీళ్లలో ముంచి, మిగిలిన నిప్పు ఆరేలా గొట్టం లోపల తుడవాలి. తర్వాత మందు సంచీ పెట్టి అదే కర్రని తిప్పి రెండో కొసతో కూరాలి. అంతసేపూ ఓరిన్ ఫిరంగి వెనకవైపు ఉన్న చిన్న బెజ్జాన్ని తోలు తొడుగేసిన బొటనవేలితో నొక్కిపట్టాలి. వేలు ఎత్తాడా, గాలి ఆడుతుంది, లోపల మిగిలిన నిప్పు రాజుకుంటుంది, కూరేవాడు పోతాడు. అందుకే ఫిరంగివాళ్లలో ఒక కట్టడి ఉంది. వేలెత్తినవాడి తల ఆ కర్రతోనే పగలగొట్టే హక్కు కూరేవాడిది. అడిగే నాథుడు ఉండడు.

మిసిసిపీలో ఒక గుట్ట మీద పొద్దుటి నుంచీ ఆపకుండా కాల్చారట. లూషియస్ కూరుతుండగా ఫిరంగి దానంతటదే పేలింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది, ఒక కన్నూ పోయింది. ఏం జరిగిందని అధికారి అడిగితే, ఎత్తుకెళ్తున్న డోలీలోంచే చెప్పాడు లూషియస్: "నాదే తప్పు. సరిగ్గా తడపలేదు."

ఆ మాట అతనికంటే ముందే ఊరు చేరింది. యుద్ధం ముగిసి దాదాపు ఇరవై ఏళ్లయినా అతను 'తడపడం మరిచిన లూషియస్'గానే మిగిలాడు. సారా కొట్లో అడుగు పెడితే చాలు, "ఏమోయ్ లూషియస్, గొంతైనా తడుపుకున్నావా, అదీ మరిచావా?" అనేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

ఓరిన్ మాత్రం అతనికి కట్టెలు కొట్టి పెట్టేవాడు, పొలం దున్నేవాడు, చలికాలం గుమ్మం ముందు మంచు తోసేవాడు. స్నేహమంటే అదీ అని ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో పొగిడారు. ఓరిన్ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఎంత అణకువో అని మురిసిపోయాం.

మొన్న జూలై నాలుగున, స్వాతంత్ర్య దినానికి, ఏటేటా లాగే, మిగిలిన దళం వాళ్లు కోర్టు ముందున్న పాత ఫిరంగి పేల్చడానికి చేరారు. ఎప్పుడూ దూరంగా నిలబడే లూషియస్ ఈసారి దగ్గరికొచ్చాడు. ఆ వసంతమంతా నెత్తురు దగ్గుతూనే ఉన్నాడు.

"సార్జెంటు గారూ, ఈసారి నీళ్ల బకెట్టు నేను పట్టుకుంటానండీ. వచ్చే ఏడు ఉంటానో లేదో."

సార్జెంటు సైలస్ క్రాండల్ నోటికి తాళం లేదు. "నీ చేతికి నీళ్లా నాయనా! ఉన్న ఒక్క చెయ్యీ ఉండనీ!"

జనం గొల్లుమన్నారు. లూషియస్ తల దించుకుని వెనక్కి తిరిగాడు.

"ఆగరా," అన్నాడు ఓరిన్. ఎప్పటిలాగే బెజ్జం దగ్గర నిలబడి ఉన్న అతను తోలు తొడుగు పీకి పారేసి, బొటనవేలు పైకెత్తాడు. "చూడండి. ఆ రోజు ఫిరంగి ఇత్తడి నిప్పులా కాలింది, తొడుగు మాడిపోయింది. వేలు తియ్యనివాడికి ఎముక దాకా కాలి ఉండాలి. నాకు చిన్న మచ్చ కూడా లేదు. ఓర్చుకోలేక ఎత్తేశాను. వాడు బాగానే తడిపాడు."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

"నాకు తెలుసులేరా," అన్నాడు లూషియస్. "ఆసుపత్రి గుడారంలో నాకు నీళ్లు తాగించావు చూడు, ఆ వేలు అప్పుడే చూశా. ఒక కన్ను మిగిలిందిగా."

"మరి ఎందుకు..."

"అప్పటికే మీ అమ్మకి ఇద్దరు కొడుకులు పోయారు. నిన్నేం చేస్తారోనని ఆ పూటకి అలా చెప్పా. ఇంటికెళ్లాక నువ్వే చెప్తావనుకున్నా. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూశా. కట్టెలు కొట్టావు, మంచు తోశావు. నేనడిగానట్రా కట్టెలు?"

ఓరిన్ మందు కూరే కర్ర తెచ్చి అతని చేతికిచ్చాడు. టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. మేం చూస్తూ ఉండిపోయాం. హక్కు హక్కే, ఎవరం అడ్డుపడలేదు.

లూషియస్ ఎడంచేత్తో కర్ర లేపాడు. అది భుజం దాకా వచ్చి, పక్కకి ఒరిగి నేల మీద పడింది.

"దీనికి రెండు చేతులు కావాలిరా," అన్నాడు. వెళ్లి బకెట్టు పట్టుకుని ఫిరంగి పక్కన నిలబడ్డాడు.