అక్క వీపుకు వంచిన పట్టీలు

మొన్న ఆదివారం అల్వాల్‌లో మా అమ్మాయి కూతురు హాల్లో చాప మీద కూర్చుని, ట్రెకింగ్ బ్యాగు కిందికి కుంగిపోతోందని గట్టి ప్లాస్టిక్ షీటు కత్తిరించి దాని వెనకభాగంలోకి దోపుతుంటే, పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఈ అమ్మమ్మకు, ఇంత వయసొచ్చాక కూడా, అక్క మీద మళ్ళీ కుళ్ళు పుట్టుకొచ్చింది. మీరు నవ్వినా సరే, ఉన్నమాటే చెబుతున్నాను.

అక్క కాలేజీలో చేరిన ఏడాది కొండల్లో నడిచే క్యాంపుకు ఎంపికైంది. ఇంట్లో ఉన్నది పాత మిలటరీ సంచి ఒక్కటే, నాలుగు బట్టలు పెట్టగానే మూటలా జారిపోయేది. బాపు ఫిట్టరు. రాంగోపాల్‌పేట్‌లో వెతికి రెండు అల్యూమినియం పట్టీలు, పలుచని ప్లైవుడ్ ముక్క తెచ్చి, సంచి లోపల ఇమిడే చట్రం చేయడానికి కూర్చున్నాడు. అక్కను గోడవైపు తిప్పి నిలబెట్టి, మెడ నుంచి నడుము దాకా టేపు పెట్టి, "జెర సీదా నిలవడు బిడ్డా, ఊపిరి బిగవట్టకు" అంటూ కొలిచాడు. పట్టీని కొంచెం వంచడం, అక్క వీపుకు ఆనించి చూడడం, మళ్ళీ వంచడం, ఇలా సాయంత్రమంతా గడిచింది. నేను గుమ్మంలోంచి చూస్తూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. నా ఏడుపు సంచి మీద కాదు, ఆ టేపు మీద. అక్కకు పొట్టయినవే నాకు కొత్తబట్టలైన ఇంట్లో, నా ఒంటికి ఎవరూ కొలత తీసిన పాపాన పోలేదు.

మర్నాడు అక్క స్నానానికి వెళ్ళగానే ఆ చట్రాన్ని నా వీపుకు ఆనించుకున్నాను. నడుము దగ్గర గుచ్చుకుంది. నాకు సరిపోనిది ఆమెకు మాత్రం ఎందుకని, మోకాలితో అదిమి పట్టీల వంపు కాస్త తగ్గించి, మళ్ళీ సంచిలో దోపేశాను.

నాలుగు రోజుల క్యాంపు ముగించుకుని అక్క తిరిగొచ్చింది, నడుము మీద తోలు లేచిపోయి. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే, బాపు చట్రం బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "నా చెయ్యే తప్పింది బిడ్డా, నీకు తక్లీఫ్ ఇచ్చిన" అన్నాడు. నేను అమ్మకు నూనె సీసా అందిస్తూ నిలబడ్డాను. "గంత నొప్పేం లేదు బాపూ" అని అక్క ఆయన్నే ఓదార్చింది. అప్పుడు కూడా నాకు ఆమె మీదే మండింది.

రెండేళ్ళకు నేనూ అదే క్యాంపుకు ఎంపికయ్యాను. నా వంతు వచ్చిందని టేపు పట్టుకెళ్ళి బాపు ముందు నిలబడ్డాను. ఆయన దాన్ని అందుకోలేదు. తన చేతి మీద తనకు నమ్మకం లేదని, బజారుకెళ్ళి గట్టి చట్రమున్న కొత్త సంచి, మంచిదే, కొనుక్కొచ్చాడు. స్నేహితురాళ్ళంతా నాది అదృష్టమన్నారు.

ఇప్పుడు బ్యాగులు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి, ఎవరి వీపూ ఎవరూ చూడక్కర్లేదు. బాపు పోయి చాలా ఏళ్ళయింది. అక్కతో రోజూ మాట్లాడుతూనే ఉంటాను గానీ, ఆ పట్టీల సంగతి ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఆమె ఇట్టే క్షమించేస్తుంది. ఆ తర్వాత ఆ సాయంత్రాన్ని మొదటినుంచీ చెప్పుకొస్తుంది, బాపు టేపు ఎక్కడ పెట్టాడో, ఎంతసేపు పట్టుకున్నాడో. అది మాత్రం నేను వినలేను.